నివురు పట్టేలోపు

ఇప్పుడు వేయాలా, ఇంకాసేపు ఆగాలా?

పల్కిత్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఇనప రేకుకు జానెడు దూరంలో చెవి పెట్టి వింటోంది. లోపల కట్టె ఇంకా చిటపటమంటోంది. పొగగొట్టం గాలిని ఈడ్చుకుంటున్న హోరు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు వేస్తే ఆ కట్టె గదిని కాదు, ఆకాశాన్ని వెచ్చబెడుతుంది. మరీ ఆగితే నిప్పుల మీద నివురు మందమవుతుంది. అప్పుడు వేసిన కట్టె మండదు, కుములుతుంది. గదిలో ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ కూర్చోవాలి. ఈ రెంటికీ నడుమ ఒక చిన్న వేళ ఉంటుంది. చప్పుడు సన్నగిల్లి, మంట కురచబడి, నిప్పుల అంచున మాత్రమే తెల్లటి పొర కనిపించే వేళ. పదమూడో ఏట నుంచి ఆమె చేసిన పనల్లా ఆ వేళను చేజారకుండా పట్టుకోవడమే.

ఆమె చేయి పక్కనున్న కట్టెల మీదికి వెళ్లింది, ఆగింది, తిరిగి ఒళ్లోకి వచ్చింది.

"ఒక్క కట్టె వెయ్యవే," అన్నాడు తుండుప్. పొయ్యికి కుడిపక్క, ఇంటిపెద్ద కూర్చునే చోట, గొర్రెతోళ్ల కిందనుంచి అతని ముక్కూ కళ్లూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు కాదు, అచో."

పుట్టి మాటలు వచ్చినప్పటినుంచి ఆ పెద్దన్నను ఆమె అచో అనే పిలుస్తోంది.

"ఎప్పుడడిగినా ఇప్పుడు కాదంటావు. ఇంతకాలం సన్యాసం చేసి నువ్వు నేర్చిన మంత్రం ఇదొక్కటేనా?"

"ఒక్కటి చాల్లే. నీకు ఆ ఒక్కటీ రాలేదుగా."

తుండుప్ నవ్వబోయాడు. నవ్వు సగంలో దగ్గుగా మారింది. దగ్గు ఆగాక చాలాసేపు అతని గొంతులో ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించింది. మొదటి మంచు పడ్డప్పటినుంచి అతడు ఆ చోటు విడిచి లేవలేదు. పై లోయలోని మఠం నుంచి లామాను తీసుకురావడానికి కొడుకు జిగ్మెత్ తెల్లవారకముందే బయలుదేరాడు. మోకాటి లోతు మంచులో ఆ దారి ఎక్కడానికి ఒక పగలు, దిగడానికి ఇంకో పగలు. మధ్యలో గాలి లేస్తే ఎంతనేది ఎవరూ చెప్పలేరు.

లడఖ్‌లోని ఆ లోయలో ఇళ్లన్నీ చలికాలంలో ఒక్క గదిగా కుంచించుకుపోతాయి. పై అంతస్తులో ఎండగదులూ పూజగదీ వసంతం దాకా ఖాళీ. కింద, మేకల కొట్టానికి ఆనుకుని, చేతికందే కప్పుతో, మసిపట్టిన దూలాలతో ఉన్న ఈ చీకటిగదిలోనే అందరి తిండీ, నిద్రా, గొడవా. ఇంటికి ఒక్కటే పొయ్యి. కప్పులో ఒక్కటే పొగకన్నం. పొయ్యికి ఎడమపక్కన, వేలాడదీసిన దుప్పటి వెనక, జిగ్మెత్ భార్య కుంజెస్ నెల నిండని బిడ్డను పొత్తిళ్లలో పెట్టుకుని పడుకుంది. బిడ్డకు ఇంకా పేరు లేదు. పేరు పెట్టవలసినవాడు కూడా ఆ రావలసిన లామాయే.

గొట్టంలో హోరు నిట్టూర్పుగా మారింది. పల్కిత్ పొయ్యి తలుపును వేలెడంత తెరిచి చూసింది. పండిన రంగు, అంచుల్లో తెలుపు. పటకారుతో నిప్పులను ముందుకు లాగి, వెనక చోటు చేసి, ఒక ఖుబానీ కట్టెను, దానికి రెండు వేళ్ల ఎడంగా ఒక సన్నని విల్లో కట్టెను పెట్టింది. ఒంటికట్టె మండదు, పక్కకట్టె వేడితోనే ఏ కట్టె అయినా మండుతుంది. మరీ ఆనించి పెడితే గాలి ఆడదు. తలుపు మూసి, మళ్లీ చెవి ఒగ్గింది. ఒక గుటకంత నిశ్శబ్దం. ఆ తర్వాత అంటుకుంది.

ఆమె ఒంటి మీద ఎర్రబట్ట ఉంది. గుండు మీద ఉన్ని టోపీ ఉంది. ఊళ్లో ఆమెను చోమో అంటారు, సన్యాసిని అని. ఇంటికొక ఆడపిల్లను ధర్మానికి ఇవ్వాలని తండ్రి అనుకున్నాడు, ఇచ్చాడు. కానీ మఠంలో చోటూ లేదు, పిండీ లేదు. గుండు గీయించుకున్న సాయంత్రమే ఆమె తిరిగి ఈ గదికి వచ్చి, అదే చోట, అదే పొయ్యి ముందు కూర్చుంది. ప్రార్థనల మొదటి పాదాలే వచ్చు. తర్వాతివి నేర్పేవాడు రాలేదు. ఎర్రబట్ట అంచు మాత్రం ఏటేటా నిప్పురవ్వలకు చిల్లులు పడుతూ, కురచవుతూ వచ్చింది. తాను దేన్ని వదులుకున్నట్టు, దేన్ని పొందినట్టు అని ఆమె ఒకప్పుడు ఆలోచించేది. వదులుకోవడానికి చేతిలో ముందుగా ఏదైనా ఉండాలి కదా అన్నచోట ఆ ఆలోచన ఆగిపోయింది. ఆ పైన ఆమె దాన్ని కదపలేదు.

పొద్దు కాస్త ఎక్కాక గ్యాల్సన్ వచ్చాడు. ఆ ఇంటితో కలిసి ఒకే కులదేవతను కొలిచే నాలుగైదు ఇళ్లలో పెద్దవాడు. పుట్టుకకు పిండీ, చావుకు కట్టెలూ మోయవలసినవాళ్లు ఆ ఇళ్లవాళ్లే. బూట్ల మంచు దులుపుకుని, తుండుప్ ముందు కూర్చుని, అతని కళ్లనూ గోళ్లనూ చూశాడు.

"ఏం, కొలతలు తీసుకుంటున్నావా?" అన్నాడు తుండుప్.

"నీ కొలతలు నాకెందుకు? కిందటేడు పేకాటలో నువ్వు చేసిన దొంగాట గుర్తొచ్చి మొహం చూద్దామని వచ్చా."

"చూశావుగా. ఇక పో. నువ్వు తలుపు తీసిన ప్రతిసారీ నాకొక కట్టె దండగ."

గ్యాల్సన్ ఉప్పుటీ తాగి లేచాడు. లేస్తూ పల్కిత్‌కు కళ్లతో సైగ చేశాడు. మేకల కొట్టంలో, ఆవిరి కక్కుతున్న మేకల మధ్య నిలబడి గొంతు తగ్గించాడు.

"చోమో, కళ్లు మూసుకుంటే కుదరదు. మనిషి రేపటిదాకా ఉండడు."

"చూస్తూనే ఉన్నాను."

"ఈ గదిలోనే పోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. ఊపిరి ఆగిన మనిషిని, లామా వచ్చి మంత్రం చదివి ప్రాణాన్ని నడినెత్తి మీదుగా సాగనంపేదాకా, ఎవరూ తాకకూడదు, కదపకూడదు. శవం ఉన్న గదిలో నిప్పు ఉండకూడదు. వెచ్చదనానికి దేహం చెడుతుంది, ప్రాణం తికమకపడుతుంది. పల్కిత్, తుండుప్‌ల అమ్మ పోయింది కూడా చలికాలంలోనే. పల్కిత్ అప్పుడు కొత్త సన్యాసిని. అమ్మ నిద్రపోతోందనుకుని తెల్లవార్లూ వేళ తప్పకుండా కట్టెలు వేసింది. పొద్దున వచ్చిన గ్యాల్సన్ తండ్రి, "శవానికి చలి కాచావా, పిల్లా?" అన్నాడు. ఆ మాట ఊళ్లో చాలా ఏళ్లు నవ్వులాటకు పనికొచ్చింది. లామా రావడం ఆలస్యమైన ఆ రెండు రోజుల్లో గదిలో వచ్చిన వాసనను మాత్రం ఎవరూ నవ్వులాటలో కలపలేదు.

"జిగ్మెత్ వచ్చేదాకా పొయ్యి ఆర్పి కూర్చుంటారా?" అన్నాడు గ్యాల్సన్. "పసిగుడ్డు ఒక్క రాత్రి ఆగుతాడా?"

"కుంజెస్‌నూ బిడ్డనూ నీ ఇంటికి తీసుకుపో."

"నెల వెళ్లకుండా పురిటిమనిషి గడప దాటుతుందా? మా ఆవిడ ఒప్పుకున్నా మా నీటి ఊటలోని దేవత మైల ఒప్పుకోదు. ఊటదేవత ఒప్పుకున్నా మా ఆవిడ ఒప్పుకోదు. ఇద్దరితో ఒకేసారి పెట్టుకునే మగాణ్ని కాను నేను." పల్కిత్ నవ్వకపోవడంతో గొంతు సవరించుకున్నాడు. "తుండుప్‌ను పైగదికి మార్చు. ఇప్పుడే. ఊపిరుండగా."

"పైన నీళ్లు గడ్డకట్టి కుండలు పగులుతున్నాయి. బతికున్నవాణ్ని అక్కడ పెట్టమంటావా?"

"కొండ అడ్డం వచ్చేదాకా ఎండ ఉంటుంది."

"తర్వాత?"

గ్యాల్సన్ ఒక మేక కొమ్ము పట్టుకుని పక్కకు నెట్టాడు. "తర్వాతది చెప్పలేకే నిన్ను బయటికి పిలిచాను," అన్నాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి కుంజెస్ దుప్పటి పక్కకు తీసి కూర్చుని ఉంది. ఆ ఇంట్లో గోడలు మాటలను ఆపవు.

"అత్తా, మేం కొట్టంలో పడుకుంటాం. మేకల మధ్య వెచ్చగానే ఉంటుంది."

"పిచ్చిపిల్లా! నిన్న రాత్రి ఆ మేకల మధ్యే ఒక మేకపిల్ల కొయ్యబారిపోయింది, మరిచిపోయావా?"

కుంజెస్ బిడ్డ తలమీద టోపీని కనుబొమ్మల దాకా లాగింది. ఆమె మామగారి వంక చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో పల్కిత్‌కు కనిపించింది. ఆ పిల్ల తప్పు లేదు. ఆ ముసలాయన తప్పూ లేదు. తప్పు ఎవరిదీ కానప్పుడే పని ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది.

తుండుప్ కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

"ఇటు రావే," అన్నాడు. "నా ఎదురుగా కూర్చో. పొయ్యిని చూస్తావే, అలా చూడు నన్ను."

ఆమె కూర్చుంది. చూసింది. పెదవుల చుట్టూ నీలం. చెంపలు లోపలికి పోయి దవడ ఎముక మీద చర్మం మెరుస్తోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఒకటి లోపలికి పోయాక, తర్వాతిది రావాలా వద్దా అని తేల్చుకోవడానికి కాస్త వ్యవధి తీసుకుంటోంది. చేతులు పట్టుకుంటే వేళ్ల చివరలు చల్లగా, అరచెయ్యి మధ్యలో మాత్రం వెచ్చగా ఉన్నాయి.

"చెప్పు. ఇంకెంతసేపు?"

నిప్పు విషయంలో ఆమె ఎవరికీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "చీకటి పడేదాకా," అంది.

"అయితే ఎండ ఉండగానే నన్ను పైకి తీసుకుపో."

"ఇప్పుడు కాదు, అచో."

మాట దానంతటదే వచ్చేసింది. అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరెప్పుడే?" అన్నాడు తుండుప్ నెమ్మదిగా. వెక్కిరింపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

 కట్టె ఎప్పుడు వేయాలో పల్కిత్‌కు తెలుసు. మండుతున్న కట్టెను పొయ్యిలోంచి బయటికి లాగడం ఆమె ఎన్నడూ చేయలేదు. లాగిన కట్టె ఏమవుతుందో మాత్రం ఎరుగును: కాసేపు పొగచిమ్ముతుంది, ఎర్రదనం లోపలికి ముడుచుకుంటుంది, ఆ పైన నలుపు. ఇక్కడ ఉంటే చీకటి పడేదాకా. అక్కడైతే? వేళ అనేది కట్టెలోనూ ఉండదు, నిప్పులోనూ ఉండదు, చూసేవాడిలోనే ఉంటుంది అనుకునేది ఆమె. అదే నిజమైతే ఈ చావు వేళ కూడా తన చేతిలో ఉన్నట్టే. అన్న అడిగాడు కాబట్టి తాను ఒప్పుకుంటోందా, లేక కొట్టంలో నిలబడినప్పుడే ఒప్పుకుని, అతడు అడగడం కోసం కాచుకుని ఉందా? రెండోదే నిజమేమోనన్న అనుమానం ఆమెలో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఆమె లేచి పేడబుట్ట తెచ్చింది. వీపున మోసే పెద్ద విల్లోబుట్ట. అడుగున తోలు పరిచింది. కొట్టంలోంచి వచ్చిన గ్యాల్సన్ సాయం పట్టి తుండుప్‌ను అందులో కూర్చోబెట్టాడు. ఒకప్పుడు కంచరగాడిద మోయలేని మూటలను ఎత్తిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఆ బుట్టలో ఇమిడిపోయాడు. పల్కిత్ పట్టెల్లో భుజాలు దూర్చి, నేలకు చేతులానించి లేచింది.

"చిన్నప్పుడు నిన్ను ఇలాగే బుట్టలో పెట్టి మోశాను, గుర్తుందా?" అన్నాడు వీపు వెనకనుంచి.

"లేదు."

"కాలవ గట్టుమీంచి దొర్లించేశాను కూడా."

"అదీ గుర్తులేదు."

"మంచిదే. గుర్తుంటే ఇప్పుడు నా గతేం కాను?"

దుప్పటి పక్కన ఆగమన్నాడు. కుంజెస్ బిడ్డను పైకెత్తి చూపించింది.  "మెమేలే," అంది బిడ్డ తరఫున, తాతగారూ అని. తుండుప్ చేయి చాపలేదు. "పొగ తగలనివ్వకు వాడికి," అని మాత్రం అన్నాడు.

నిటారు మెట్లు. ముందు ఆమె, వెనక బుట్ట అడుగును తలతో మోస్తూ గ్యాల్సన్. పైగదిలో ఎండ నేలమీద తివాచీలా పరుచుకుని ఉంది. దక్షిణపు కిటికీ పక్కన పరుపు వేసి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఉన్న బట్టలన్నీ చుట్టారు. ఎండ తగిలినచోట వెచ్చగానే ఉంది. ఒక మూర అవతల నీడలో ఊపిరి తెల్లగా కనిపిస్తోంది. గ్యాల్సన్ మిగతా ఇళ్లకు చెప్పడానికి వెళ్లాడు. ఏం చెప్పడానికి అన్నది ఎవరూ అనలేదు.

ఇద్దరూ కూర్చున్నారు. ఆమె తనకు వచ్చిన ప్రార్థన మొదటి పాదం అతని చెవిలో చెప్పింది. రెండో పాదం రాలేదు. మళ్లీ మొదటిదే చెప్పింది.

"అరిగిపోతుంది, ఆపవే," అన్నాడు. కాసేపటికి, "చాలాకాలానికి ఎండ చూశాను. కింద ఉండి మరిచేపోయాను," అన్నాడు.

ఎదుటి గోడలోని ఉత్తరపు చిన్న కిటికీ అవతల, పెరటి మంచు మీద ఇంటి నీడ పడింది. ఇంటి నీడ మీద పొగగొట్టం నీడ, దాని మీద పొగనీడ. పొగకు కూడా నీడ ఉంటుందని పల్కిత్ ఎప్పుడూ గమనించలేదు. పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు పొగ ఎక్కడికి పోతుందో తెలియదు. నీలంగా, దట్టంగా, మంచు మీద పాకుతున్న ఆ నీడను తుండుప్ రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఎండ అతని ఛాతీ మీదినుంచి మోకాళ్ల మీదికి జారింది. నీడ దట్టం తగ్గింది. పలచబడింది. ఉందో లేదో అన్నట్టు వణికింది.

"వేళయింది," అన్నాడు. "పో. కట్టె వెయ్యి."

"కుంజెస్ వేస్తుందిలే."

"ఆ పిల్ల వేస్తే పొగే. పో."

ఆమె లేవలేదు. అతడు ఆమె వంక చూడలేదు. నీడవంకే చూస్తూ, "నివురు పట్టేలోపు వెళ్లవే, చోమో," అన్నాడు.

పల్కిత్ లేచింది. మెట్లు దిగి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగి, పొయ్యి తలుపు వేలెడంత తెరిచింది. పండిన రంగు. అంచుల్లో మాత్రమే తెలుపు. ఎప్పుడూ తొందరపడి అడిగేవాడు ఈసారి గురి తప్పలేదు. ఆమె నిప్పులు ముందుకు లాగి, రెండు కట్టెలు పెట్టి, తలుపు మూసి, అంటుకున్న చప్పుడు వినేదాకా ఆగింది. కుంజెస్ బిడ్డకు పాలిస్తోంది. బిడ్డ గుటకల చప్పుడు పొయ్యి చప్పుడులో కలిసింది. పొయ్యి మీద కాగుతున్న నున్నటి ఏటిరాయిని పటకారుతో తీసి, కంబళి ముక్కలో చుట్టింది. అన్న కాళ్ల దగ్గర పెట్టవచ్చు. ఎండ పోయాక కాళ్లకే మొదట చలి తగిలేది.

ఆమె పైకి వచ్చేసరికి ఎండ పరుపు అంచుకు చేరింది. తుండుప్ అలాగే గోడకు ఆని కూర్చుని ఉన్నాడు. తల కాస్త కిటికీ వైపు వాలింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి.

"అచో."

గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె నోటినుంచి వచ్చిన మాట తెల్లటి ఆవిరై, నీడలో కనిపించి, కరిగిపోయింది. అతని మొహం ఇప్పుడు నీడలో ఉంది. అక్కడ ఆవిరి లేదు. ఆమె తన ఊపిరి బిగబట్టి చూసింది. ఒక్కోసారి రెండు ఊపిరుల నడుమ అతడు చాలా వ్యవధి తీసుకుంటాడు. ఇంకాసేపు చూసింది. చేతుల్లో రాయి కంబళి దాటి అరచేతులను కాలుస్తోంది. రెండడుగులు వేసి ఆ రాయిని అతని పాదాల కింద పెడితే చాలు. నిద్రే అయితే కళ్లు తెరుస్తాడు. నిద్ర కాకపోతే మళ్లీ అదే పని చేసినట్టు, శవానికి చలి కాచినట్టు. తాకి చూడరాదు. అడగడానికి ఎవరూ లేరు. చీకటి పడేదాకా అని చెప్పింది తనే. చీకటికి ఇంకా చాలా పొద్దుంది. మంచు మీద కొత్త పొగనీడ దట్టంగా లేస్తోంది.

ఆమె అతణ్ని చూసింది. అతడు చూడమన్నట్టే చూసింది. అంచుల్లోనే కాదు, అంతటా తెలుపు.

కింద ఉంచి ఉంటే ఇంకొంత ఉండేవాడేమో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు వెళ్లిపోయాడు. దాన్ని ఆమె ఇకమీదట తనతోనే ఉంచుకోవాలి.

పల్కిత్ గోడవారగా, అతనికి తగలకుండా నడిచి, దక్షిణపు కిటికీ దగ్గరకు వెళ్లింది. రాయిని గూటి అంచున పెట్టి, మంచుకు బిగుసుకుపోయిన గడియను మడమతో తన్ని, రెండు తలుపులూ బార్లా తెరిచింది. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చి గది నిండా కూర్చుంది. ఆమె వెనక్కి తిరగకుండా మెట్లు దిగి, కుంజెస్‌కు చెప్పడానికి వెళ్లింది.

కిటికీ గూట్లో కంబళి జారిన రాయి చుట్టూ పేరుకున్న మంచు కరిగి, చెక్క తడిసి, నల్లటి వలయం ఏర్పడింది. ఆ వలయం అంచునుంచి లోపలికి, రాయి వైపుగా, మళ్లీ మెల్లగా తెల్లబడసాగింది.